చక్రములమీది ఇంటికి దారిపన్ను

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు చెప్పిరి. కట్టిన ఇంటికి చక్రములు తగిలించి, ముందు ఇంజను బిగించి, భార్యాబిడ్డలతో దానిని దేశమంతయు త్రిప్పుకొని వచ్చువారి సంగతి మాత్రము వారికి తెలియదు. పడుకొనుటకు మంచము, వండుకొనుటకు పొయ్యి, త్రాగుటకు నీళ్ల తొట్టి, కూర్చుండి భుజించుటకు బల్ల, ఇవన్నియు లోపల అమర్చుకొని రోడ్డుమీద నడచు బండిని ఇంగ్లండులో మోటారు హోము అనియు, మోటారు క్యారవాను అనియు పిలుతురు. బ్రిటనులో స్థిరపడిన మన తెలుగు కుటుంబములలోను ఇట్టి బండి కొనవలెనని తలచువారున్నారు. వారి బంధువులు ఇచ్చట ఉత్తరములలోను, టెలిఫోనులోను ఆ ముచ్చట వినుచున్నారు. బండి ధర, అందులోని వసతులు అందరు చెప్పుకొందురు. దానికి కట్టవలసిన దారిపన్ను లెక్క మాత్రము కొన్న తరువాతనే చాలమందికి తెలియుచున్నది. అప్పటికి చేయగలిగినది అంతగా ఉండదు.

ఈ లెక్క ఎందుకు చిక్కైనదో గ్రహించుట కష్టము కాదు. పన్ను వేయువాడు మొదట వస్తువునకు పేరు పెట్టవలెను. ఈ బండి కారా? కుటుంబము షికారు పోవుటకు వాడుచున్నారు కనుక కారే అనవచ్చును. లారీయా? మూడు, నాలుగు టన్నుల బరువు మోయు చట్రముమీద కట్టినది కనుక లారీకి దాయాది అనవచ్చును. ఇల్లా? నలుగురు అందులో నిదురింతురు కనుక అదియును నిజమే. కారుకు ఒక పన్ను, లారీకి ఒక పన్ను, ఇంటికి ఇంకొక పన్ను ఉన్న దేశమున ఈ మూడును కలిసిన వస్తువు వచ్చినప్పుడు గుమాస్తా కలము కొంతసేపు ఆగుట సహజము. ఆ కలము ఏ గడిలో వ్రాసినది అనుదానినిబట్టి ఒకే బండికి ఏటికి నూట అరువది ఐదు పౌనులు పడవచ్చును. మొదటి సంవత్సరమే రెండువేల పౌనులు దాటవచ్చును. ఈ రెండును ఊహలు కావు. రెండును జరిగినవే.

పన్ను పుట్టిన విధము

విహారము కొఱకు ఇంటిబండిని కట్టించుకొనుట మోటారుకంటె పాతది. గోర్డన్ స్టేబుల్స్ అను నౌకాదళ వైద్యుడు 1885లో బ్రిస్టలు నగరపు బండ్ల కర్మాగారమున గుఱ్ఱములు లాగు ఇంటిబండి నొకదానిని చేయించుకొని, దానికి ‘వాండరర్’ అని పేరిడి, దేశసంచారము చేసెను. 1907లో అట్టి బండ్ల యజమానులు క్యారవాను క్లబ్బును స్థాపించుకొనిరి. ఆ రోజులలోనే మోటారుబండ్లు పెరిగి, వాటి చక్రములు లేపు దుమ్ము పల్లెల వారికి తలనొప్పి యయ్యెను. గుఱ్ఱపుబండ్లకై వేసిన కంకరరోడ్లు మోటారు వేగమునకు ఆగలేక చెదరిపోవుచుండెను. ఆ రోడ్లు బాగుచేయుటకు సొమ్మెవరిచ్చెదరు అను ప్రశ్న వచ్చెను.

ఆనాటి ఆర్థికమంత్రి లాయిడ్ జార్జి 1909 సంవత్సరపు బడ్జెటులో దానికి సమాధానము చెప్పెను. మోటారుబండ్లపై వాటి అశ్వశక్తినిబట్టి పన్ను, పెట్రోలుపై గాలనుకు మూడు పెన్నీల సుంకము వేసి, ఆ వచ్చుబడిని రోడ్ల అభివృద్ధి నిధిలో చేర్చుట ఆయన పద్ధతి. రోడ్డును వాడువాడే రోడ్డుకు చెల్లించును అను న్యాయము అందున్నది. 1920లో చేసిన రోడ్ల చట్టము ఈ ఏర్పాటును గట్టిపరచి, రోడ్డు నిధిని నెలకొల్పెను. 1921 జనవరి మొదటి తేదీనుండి కార్లకు అశ్వశక్తి ఒక్కింటికి ఒక పౌను చొప్పున పన్ను. పన్ను కట్టినట్లు గురుతుగా అద్దమునకు అంటించు గుండ్రని కాగితపు బిళ్ల. ఆ బిళ్ల తొంబదిమూడేండ్లు బండ్ల అద్దములపై నిలచి, 2014 అక్టోబరు మొదటి తేదీన సెలవు తీసికొన్నది. ఇప్పుడు లెక్కయంతయు విద్యుద్యంత్రముల జ్ఞాపకములోనే ఉన్నది.

ఇందులో రెండు సంగతులు గమనింపదగినవి. మొదటిది, పన్ను యంత్రము రూపమునే మార్చగలదు. ఆనాటి అశ్వశక్తిని ఇంజను సిలిండరు వెడల్పునుబట్టి లెక్కగట్టెడివారు. దాని పొడవును లెక్కింపలేదు. అందుచేత బ్రిటిషు కర్మాగారములు సన్నగా, పొడవుగా ఉండు సిలిండర్లతో ఇంజనులు చేయసాగినవి. 1948లో కారు ఒక్కింటికి పది పౌనులు అను సమానపు పన్ను వచ్చువరకు ఆ ఒరవడి సాగెను. కొలబద్ద ఏదైనచో తయారీ దానికి ఒదుగును అనుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకదు.

రెండవది, రోడ్డు నిధి రోడ్డుకే చెందియుండలేదు. అందులో సొమ్ము పోగుపడగా, 1926లో ఆర్థికమంత్రిగా నున్న చర్చిలు దానిలో కొంత భాగమును ప్రభుత్వపు ఇతర ఖర్చులకు మళ్లించెను. 1937 నుండి బండ్ల పన్ను నేరుగా సాధారణ ఖజానాకే పోవుచు, రోడ్లకు కావలసినది పార్లమెంటు వేరుగా మంజూరు చేయు పద్ధతి వచ్చెను. పేరుకు మిగిలిన నిధిని 1955లో చట్టము ద్వారా ముగించిరి. ఇప్పటికిని జనులు దానిని దారిపన్ను అనియే పిలుచుచున్నారు. శాసనములో దాని పేరు మాత్రము వాహన ఎక్సైజు సుంకము. పేరులో ఈ తేడా చిన్నదిగా కనిపించును. కాని ‘నేను రోడ్డుకు పన్ను కట్టితిని, రోడ్డు నాది’ అని వాదించు యజమానికి సమాధానము ఇందులోనే ఉన్నది. ఆయన కట్టినది బండి ఉంచుకొనుటకు సుంకము. రోడ్డుకు సొమ్ము దేశమంతయు కట్టుచున్నది, కాలినడకన పోవువాడు సైతము.

మూడు కొలబద్దలు

నేడు బ్రిటనులో బండి పన్నును మూడు కొలబద్దలతో కొలుచుచున్నారు. ఒకటి ఇంజను పరిమాణము, రెండవది బరువు, మూడవది పొగ. పొగ అనగా ఒక కిలోమీటరు నడచుటలో బండి వెలువరించు బొగ్గుపులుసు వాయువు ఎన్ని గ్రాములు అను లెక్క. 2001 మార్చి మొదటి తేదీ తరువాత రెజిస్టరైన కార్లకు ఈ మూడవ కొలబద్ద ప్రధానమైనది. 2017 ఏప్రిలునుండి ఆ లెక్క మొదటి సంవత్సరమునకే కఠినమై, తరువాతి సంవత్సరములకు చాలవరకు సమానపు పన్ను ఏర్పడినది. కొత్త కారు కొనునప్పుడే కొనువాడు పొగను గూర్చి ఆలోచింపవలెనని దాని ఉద్దేశము.

మోటారు హోములను చాలకాలము ఈ పొగ లెక్కకు వెలుపలనే ఉంచిరి. అందుకు కారణమున్నది. ఈ బండిని ఒక్క కర్మాగారము పూర్తిగా చేయదు. ఫియట్ డుకాటో వంటి చట్రమును, ఇంజనును ఒక సంస్థ చేసి యిచ్చును. దానిపై గదులు, కిటికీలు, వంటయిల్లు వేరొక సంస్థ కట్టును. కట్టిన ఇంటి ఆకారమునుబట్టి గాలి ఒత్తిడి, బరువు మారి, పొగయు మారును. అందుచేత ఈ బండ్లను ‘ప్రైవేటు లేక తేలిక సరకుల బండ్లు’ అను తరగతిలో చేర్చి, ఇంజను పరిమాణమునుబట్టి పన్ను వేసెడివారు. ఆ విధముగ 2019 వేసవిలో ఒక సామాన్యపు మోటారు హోము కొన్నవాడు సంవత్సరమునకు 265 పౌనులు కట్టెను.

అదే సంవత్సరము సెప్టెంబరు మొదటి తేదీన కథ మారినది. కొత్త మోటారు హోముల ఆమోద పత్రములలో బొగ్గుపులుసు వాయువు అంకె కూడ తప్పక వ్రాయవలెనని ఐరోపా సమాజపు నిబంధన ఆనాటినుండి అమలైనది. ఆ నిబంధన పన్నును గూర్చినది కాదు. కొలిచి వ్రాయుమని చెప్పునది మాత్రమే. కాని బ్రిటిషు పన్ను చట్టములో, ప్రయాణికుల బండ్ల వర్గమునకు చెంది, పత్రములో వాయువు అంకె గల బండిని కారువలె లెక్కింపవలెనని యున్నది. అంకె లేనంతకాలము ఆ వాక్యము మోటారు హోముల జోలికి రాలేదు. అంకె రాగానే వచ్చినది. పెద్ద బండ్లు సహజముగనే అధికముగ పొగ విడుచును గనుక, చాల బండ్లు పై మెట్టుకు పోయినవి. కిలోమీటరుకు 255 గ్రాములు మించినచో మొదటి సంవత్సరపు పన్ను 2,135 పౌనులు. ఆగస్టు నెలాఖరున 265 కట్టిన బండికి, మరునాడు రెజిస్టరు చేయించినచో దానికి ఎనిమిది రెట్లు!

ఆ ఇనుము మారలేదు, ఇంజను మారలేదు, పొగయు మారలేదు. కాగితములో ఒక గడి నిండినది. అంతే. జీవితమంతయు ఉద్యోగము చేసి, విరమించిన పిదప వచ్చిన సొమ్ముతో దేశము చూడవలెనని బండికి ముందుగ బయానా ఇచ్చినవారికి ఇది పిడుగుపాటైనది. బండి చేతికి రావలసిన తేదీ రెండు వారములు వెనుకబడినందులకే రెండువేల పౌనులు అదనముగ చెల్లింపవలసి వచ్చిన సందర్భములు ఏర్పడినవి. ఈ పరిశ్రమవారి సంఘము ప్రభుత్వమునకు మొర పెట్టుకొన్నది. వారి వాదము సులభమైనది: కారు కొనువాడు తక్కువ పొగ గల ఇంకొక కారు కొనవచ్చును, మోటారు హోము కొనువానికి అట్టి ఎన్నిక లేదు. ఎన్నిక లేనిచోట ఎక్కువ పన్ను మనిషి నడతను దిద్దదు. సొమ్ము మాత్రము పుచ్చుకొనును.

ఆర్థికమంత్రి ఋషి సునాక్ 2020 మార్చి 11వ తేదీన ప్రవేశపెట్టిన బడ్జెటులో ఈ వాదమును అంగీకరించెను. ఆ మరునాటినుండి, అనగా మార్చి 12 మొదలుకొని, కొత్తగ రెజిస్టరగు మోటారు హోములు మరల పాత తరగతికే చేరినవి. కాని ఆ సవరణ ఆ తేదీనుండి వచ్చు బండ్లకే వర్తించునది. నడుమనున్న ఆరు నెలల పైచిలుకు కాలములో కొన్నవారికి కాదు. అందుచేత ఈనాడు పాత బండి కొనువారు మొదట చూడవలసినది దాని రంగును, పరుపులను కాదు. దాని మొదటి రెజిస్ట్రేషను తేదీని. 2019 సెప్టెంబరునకును, 2020 మార్చికిని మధ్య తేదీ యున్నచో, దాని పన్ను తరగతి ఏదో విడిగా విచారించి మరి బేరమాడవలెను.

నేటి లెక్క, అందులోని మెలిక

2020 మార్చి 12 తరువాతి బండ్లకు లెక్క రెండు ప్రశ్నలతో తేలును. మొదటి ప్రశ్న: సరకులు, నీళ్లు, మనుష్యులతో కలిపి ఆ బండికి అనుమతించిన గరిష్ఠపు బరువు 3,500 కిలోగ్రాములకు లోపలా, పైనా? లోపలైనచో రెండవ ప్రశ్న: ఇంజను 1,549 ఘన సెంటీమీటర్లకు లోపలా, పైనా? 2025 ఏప్రిలులో ప్రారంభమైన సంవత్సరమునకు చిన్న ఇంజనుకు 220 పౌనులు, పెద్ద ఇంజనుకు 360 పౌనులు నిర్ణయించిరి. ఇట్టి బండ్లకు సాధారణముగ వాడు డీసెలు ఇంజను రెండువేల ఘన సెంటీమీటర్లకు పైబడినది గనుక, చాలమందికి 360 పౌనులే పడును.

బరువు 3,500 కిలోగ్రాములు మించినచో? ఎక్కువ కట్టవలసి యుండుననుకొందురు. కాదు. ఆ బండి ‘ప్రైవేటు భారవాహనము’ అను వేరొక తరగతికి పోవును. అందు పన్ను సంవత్సరమునకు 165 పౌనులే. చాల ఏండ్లుగా ఆ అంకె పెరుగలేదు. బరువు పెరిగినకొలది పన్ను తగ్గు ఈ వింతను చూచి, తమ బండి అనుమతి బరువును కాగితముమీద పెంచుకొనవలెనని కొందరు ఆలోచింతురు. కొన్ని బండ్లకు యంత్రమున మార్పు లేకుండగనే నిపుణుల ధ్రువపత్రముతో బరువు పరిమితిని పెంచుకొనుటకు వీలున్నది. ఏటికి 195 పౌనుల ఆదా. వినుటకు సొంపుగానే యున్నది. కాని ఇచ్చట తొందరపడరాదు.

ఉదాహరణకు లెస్టరు నగరమున నివసించు ఒక తెలుగు కుటుంబమును ఊహించుకొందము. మామగారికి అరువదెనిమిది ఏండ్లు; బ్రిటిషు లైసెన్సు 1988లో పొందిరి. అల్లునికి 2005లో వచ్చినది. ఇద్దరును కలిసి బండి కొని, వంతులవారీగ నడుపుచు స్కాట్లండు కొండలు చూచి రావలెనని సంకల్పము.

‘మామయ్యగారూ, 3,850 కిలోల బండి కొన్నచో పన్ను సగముకంటె తక్కువ పడునట. అదియే తీసికొందమా?’ అని అల్లుడు అడిగెననుకొందము.

‘తీసికొందము గాని బాబూ, దానిని నడుపువారెవరు? నీ లైసెన్సు మూడున్నర టన్నుల వరకే గదా!’ అని మామగారు అడుగవలెను.

ఆ ప్రశ్న సరియైనది. 1997 జనవరి మొదటి తేదీకి ముందు కారు పరీక్షలో నెగ్గినవారి లైసెన్సులో ఏడున్నర టన్నుల వరకు నడుపు హక్కు కలిసి యున్నది. ఆ తేదీ తరువాత నెగ్గినవారి సామాన్యపు లైసెన్సుతో పెట్రోలు, డీసెలు బండ్లను మూడున్నర టన్నుల వరకే నడుపవలెను. అంతకు మించినచో వేరే పరీక్ష కావలెను. కనుక అల్లుడు ఆ బండి చక్రము పట్టరాదు. పట్టినచో అది నేరము. ప్రమాదము సంభవించినచో భీమాయును చిక్కున పడును. ఇక మామగారి హక్కు కూడ డెబ్బదియవ ఏటితో దానంతట అది ఆగును. కొనసాగింపవలెనన్నచో వైద్యుని పరీక్షాపత్రముతో దరఖాస్తు చేసికొనవలెను. అనగా రెండేండ్లలో ఆ కుటుంబములో ఆ బండిని నడుపువారు లేకపోవుటకు అవకాశమున్నది. 195 పౌనులకు ఆశపడి, అరువదివేల పౌనుల బండిని పెరటిలో నిలుపుకొనుట లాభమా?

అట్లని 3,500 కిలోల బండి యందు చిక్కు లేదనుట కాదు. అందు బండి బరువే మూడువేల కిలోలకు దగ్గరగ ఉండును. మిగిలిన కొద్ది వందల కిలోలలోనే మనుష్యులు, నీళ్లు, గ్యాసు, సైకిళ్లు, పిల్లల పెట్టెలు, మనవారైనచో బియ్యపు బస్తా, గ్రైండరు సర్దుకొనవలెను. నూరు లీటర్ల నీటి తొట్టి నిండినచో నూరు కిలోలు. నలుగురు మనుష్యులకు దాదాపు మూడు వందలు. పరిమితి దాటిన బండిని దారిలో తూచి నిలిపివేయు అధికారము అధికారులకు కలదు. బరువు పెంచుకొనుటలో నిజమైన ప్రయోజనము పన్ను ఆదాలో కంటె ఈ మోతలోనే ఉన్నది. నడుపుటకు హక్కు గలవారు అందుకై పెంచుకొన్నచో అది వివేకమే.

వేగమునకు ఇంకొక లెక్క. అందు చూచునది గరిష్ఠపు బరువు కాదు, ఖాళీ బండి బరువు. అది 3,050 కిలోగ్రాములు మించినచో, మధ్య విభాగము లేని దారిలో గంటకు 50 మైళ్లు, విభాగము గల దారిలో 60 మైళ్లు హద్దు. మించనిచో 60, 70. మోటారువేలలో రెండింటికిని 70 మైళ్లే. పన్నుకు ఒక బరువు, వేగమునకు ఒక బరువు అను ఈ భేదము తెలియక జరిమానా పాలగువారున్నారు.

నిలిచియున్న బండి

మోటారు హోము యజమానులలో చాలమంది వేసవిలో తిరిగి, చలికాలమున బండిని మూలకు చేర్తురు. నిలిచియున్న నెలలకు పన్ను ఎందుకు అని అడుగుట న్యాయమే. అందుకు 1998లో ఒక పద్ధతి ఏర్పడినది. బండిని రోడ్డుమీదికి తీయమని ప్రకటించుచు లైసెన్సు శాఖకు తెలిపినచో పన్ను అక్కరలేదు. ఆ ప్రకటనకు రుసుము లేదు. అప్పటికే కట్టిన పన్నులో పూర్తిగా మిగిలిన నెలలకు సొమ్ము తిరిగి వచ్చును. కాని బండి సొంత స్థలమున గాని, అద్దె స్థలమున గాని ఉండవలెను. ఇంటిముందు ప్రభుత్వపు వీథిలో నిలిపి యుంచినచో, అది ఒక్క అంగుళము కదలకున్నను తప్పే.

ఆరు నెలలకు మాత్రమే పన్ను కట్టుకొనుటయు కలదు. అయితే 360లో సగము 180 కాదు, 198 పౌనులు. బ్యాంకునుండి నేరుగా చెల్లించు ఏర్పాటు చేసికొన్నచో 189. ఏప్రిలునుండి సెప్టెంబరు వరకు మాత్రము తిరుగు కుటుంబమునకు ఈ మార్గము లాభకరము. సంవత్సరము పొడుగున అప్పుడప్పుడు తిరుగువారికి కాదు.

మరియొక హెచ్చరిక. 2014 అక్టోబరునుండి పన్ను బండితో పాటు చేతులు మారదు. అమ్మినవానికి మిగిలిన పూర్తి నెలల సొమ్ము తిరిగిపోవును. కొన్నవాడు బండిని కదల్చుటకు ముందే తన పేర పన్ను కట్టవలెను. ‘ఇంకను నాలుగు నెలల పన్ను ఉన్నది, నిశ్చింతగా తోలుకొని పొండు’ అని అమ్మువాడు ఎంత మంచిమనసుతో చెప్పినను నమ్మరాదు.

నలువది ఏండ్లు దాటిన పాతబండ్లకు పన్ను మాఫీ గలదు. నిర్ణీతమైన అంగవైకల్య భత్యము పొందువారికి ఒక బండిపై మాఫీ గలదు. ఈ రెండింటను దరఖాస్తు చేసి ‘సున్న పౌనులు’ కట్టినట్లు నమోదు చేయించుకొనుట తప్పదు. విద్యుత్తుతో నడచు కార్లకు చిరకాలముగా నున్న మాఫీ 2025 ఏప్రిలు మొదటి తేదీతో ముగిసినది.

మన దేశమున

మన తెలుగునాట ఈ పన్నుకు చరిత్ర కొంత భిన్నమైనది. పూర్వపు మద్రాసు రాజధానిలో 1931 సంవత్సరపు మోటారు వాహనముల పన్ను చట్టము వచ్చి, దారి మధ్యన స్థానిక సంస్థలు వసూలు చేయు టోలు రుసుములను తొలగించి, వాటికి బదులు బండిపైననే పన్ను వేసినది. ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమునకు 1963లో ప్రత్యేకమైన చట్టము ఏర్పడినది. రాజ్యాంగము రోడ్డుమీద వాడుటకు తగిన వాహనములపై పన్ను వేయు అధికారమును రాష్ట్రములకు ఇచ్చినందున, ఒక రాష్ట్రమున ఒక తీరు, పొరుగున ఒక తీరు. సొంత కారుకు మనయొద్ద ఏటేటి పన్ను కాక, కొనునప్పుడే ధరలో ఇంతవంతు అని జీవితకాలపు పన్ను కట్టించుకొందురు. ఒక రాష్ట్రపు బండి పన్నెండు నెలలకు మించి వేరొక రాష్ట్రమున ఉన్నచో అచ్చట మరల రెజిస్టరు చేయించుకొనవలెను. ఊరూర తిరుగుటకే పుట్టిన ఇంటిబండి యజమాని ఇది గుర్తుంచుకొనవలెను.

నిలిచియున్న బండికి పన్నెందుకను ప్రశ్న మన విశాఖపట్టణముననే పుట్టి సుప్రీముకోర్టు వరకు పోయినది. అచ్చటి ఉక్కు కర్మాగారపు ప్రహరీలోపల, ప్రజలకు ప్రవేశము లేని సరకుల ఆవరణలో మాత్రమే పనిచేయు 36 వాహనములకు రాష్ట్రము పన్ను అడుగవచ్చునా అనునది వివాదము. 2025 ఆగస్టు 29వ తేదీన న్యాయస్థానము 1963 చట్టములోని మూడవ పరిచ్ఛేదమును పరిశీలించి, ఆ పన్ను ప్రజల దారులను వాడుకొనుటకు ప్రతిఫలము వంటిదనియు, ప్రజా స్థలమున నడువని, నడుపుటకు ఉంచని బండికి ఆ కాలమునకు పన్ను పడదనియు తీర్పు చెప్పినది. బ్రిటనులో రోడ్డు నిధి పోయి, పన్ను సాధారణ ఖజానాలో కలిసిపోయినది. మన న్యాయస్థానము మాత్రము దారిని వాడినందులకే పన్ను అను పాత న్యాయమును నిలిపినది.

ఏది న్యాయము?

ఇంతకును ఇంటిబండికి తగిన పన్ను ఏది? రోడ్డుకు కలుగు అరుగుదలను కొలబద్దగా తీసికొన్నచో బరువే ముఖ్యము. 1958 మొదలు 1960 వరకు అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రమున ప్రత్యేకముగ రోడ్లు వేసి, వాటిపై లారీలను త్రిప్పి పరీక్షించిరి. ఇరుసుపై బరువు రెండింతలైనచో రోడ్డుకు నష్టము రెండింతలు గాక సుమారు పదునారింతలు అగునని ఆ పరీక్షల ఫలితములనుండి ఇంజనీర్లు గ్రహించిరి. ఈ దృష్టితో చూచినచో నలువది టన్నుల లారీ ముందు నాలుగు టన్నుల ఇంటిబండి చేయు చేటు బహు స్వల్పము. కాని మూడున్నర టన్నుల బండికంటె నాలుగు టన్నుల బండికి తక్కువ పన్ను అనుట ఈ లెక్కకు పొసగదు.

పొగను కొలబద్దగా తీసికొన్నచో, సంవత్సరమునకు రెండు వారములు మాత్రము కదలు బండిని, దినదినము తిరుగు కారును ఒకే గాట కట్టుట సరికాదు. నడచిన దూరమును కొలబద్దగా తీసికొందమన్నచో, అది ఇప్పటికే వేరొక రూపమున ఉన్నది. బ్రిటనులో 2022 మార్చిలో లీటరుకు 52.95 పెన్సుగ నిర్ణయించిన ఇంధన సుంకమును తీసికొని లెక్కవేయుడు. గాలనుకు ఇరువది ఐదు మైళ్లు నడచు బండి ఏటికి ఐదువేల మైళ్లు తిరిగినచో రెండువందల గాలనులు, అనగా సుమారు 909 లీటర్లు కాలును. దానిపై సుంకము 481 పౌనులు. దారిపన్నుకంటె ఇది ఎక్కువ! ఎవరెంత తిరిగినచో వారంత కట్టుచున్నారు. కాని పంపువద్ద కలిసిపోవుటచే ఈ పన్ను కంటికి కనిపించదు. ఏటికొకసారి విడిగా కట్టు 360 పౌనులు మాత్రము అందరి కంటను పడును. బండ్లు విద్యుత్తునకు మారినకొలది ఈ ఇంధన సుంకము ఎండిపోవును గనుక, విద్యుత్తు కార్లకు 2028 ఏప్రిలునుండి మైలుకు ఇంత అని వసూలు చేయుదుమని 2025 నవంబరు బడ్జెటులో బ్రిటిషు ప్రభుత్వము ప్రకటించినది. దారిపన్ను కథలో తరువాతి అధ్యాయము అదియే కావచ్చును.

ప్రభుత్వములు కొలబద్దలు మార్చుచునే యుండును. కొనువారు మాత్రము బయానా ఇచ్చుటకు ముందు మూడు కాగితములు చేతబట్టుకొని చూడవలెను. బండి మొదటి రెజిస్ట్రేషను తేదీ, దానికి అనుమతించిన గరిష్ఠపు బరువు, నడుపువారి లైసెన్సులోని హద్దు. ఈ మూడును ఒకదానితో ఒకటి సరిపోయినచో పన్ను ఎంతయో వెంటనే తేలును. మన బంధువులెవరైనను ఆ దేశమున అట్టి బండి కొనబోవుచున్నామని వ్రాసినచో, శుభాకాంక్షలతో పాటు ఈ మూడు ప్రశ్నలను కూడ జాబులో చేర్చి పంపుట మంచిది.